పోయినవారి పేరున, ఎవరికో

పెద్దకర్మ భోజనాలయ్యాక చుట్టాలు బయల్దేరేటప్పుడు చేతిలో ఒక స్టీలు గిన్నో పళ్ళెమో పెట్టి పంపడం దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం తెలుగు ఇళ్ళల్లో మామూలు. అంచు మీద పోయినవారి పేరు, తేదీ చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటాయి. ఆ గిన్నె ఏళ్ళ తరబడి వంటింట్లో తిరుగుతుంది. పెరుగు తోడుపెట్టేటప్పుడో, ఊరగాయ తీసేటప్పుడో ఎవరో ఒకరి చూపు ఆ పేరు మీద పడుతుంది. మంచి ఆచారమే. అయితే దానికో లెక్క ఉంది. ఇవాళ గిన్నె పట్టుకెళ్ళినవారు తమ ఇంట్లో అలాంటి రోజు వచ్చినప్పుడు మరో గిన్నె ఇచ్చి పంపుతారు. పుట్టింటివారు పెట్టే బట్టలూ అంతే, పెళ్ళిళ్ళలో చదివింపుల పుస్తకానికి ఎక్కే అంకెలూ అంతే. ఇచ్చింది ఎక్కడికీ పోదు, చుట్టరికంలోనే తిరిగి తిరిగి ఇంటికి చేరుతుంది. కుటుంబాలు నిలబడేది ఈ ఇచ్చిపుచ్చుకోవడాల మీదే.

ఈ లెక్కకు అందని ఇవ్వడం మరొకటి ఉంది. తల్లి పేరున ఎండాకాలంలో రోడ్డు పక్కన నీళ్ళకుండలు పెట్టించడం, తండ్రి తిథి నాడు ఆసుపత్రి వరండాలో ముక్కూమొహం తెలియనివారికి అన్నం పెట్టడం, అర్ధాంతరంగా పోయిన కొడుకు పుట్టినరోజున రక్తం ఇవ్వడం. తీసుకున్నవారు ఎన్నటికీ తిరిగి ఇవ్వలేరు. చాలాసార్లు ఎవరిచ్చారో కూడా వారికి తెలియదు. తెలుగూ ఒడియా కలిసిపోయిన ఈ సరిహద్దు ఊళ్ళల్లో తీసుకునేవారి భాష కూడా వేరు కావచ్చు. అయినా తమవారిని తలుచుకోవడానికి ఇంతమంది ఈ దారి ఎందుకు పడతారు, అది ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ ఫొటోతో ఆగిపోతుంది అన్నది కాస్త నిలబడి చూడాల్సిన విషయం.

కన్నవారి రుణం తీరేది కాదని అందరూ అంటారు. వారు బతికున్నంతకాలం అది ఎంతో కొంత తీరుతున్నట్టే ఉంటుంది. మందులు తెస్తారు, పండక్కి బట్టలు పెడతారు, చెప్పిందే చెప్పినా వింటారు. మనిషి పోయిన మర్నాటి నుంచి ఆ పనులన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. చెయ్యాలన్న ఆత్రం మాత్రం ఆగదు, అందుకునే మనిషే ఉండరు. పోయినవారితో బంధం తెంచుకుంటేనే మనసు కుదుటపడుతుందని పాశ్చాత్య మనస్తత్వశాస్త్రం చాలాకాలం అనుకుంది. 1996లో డెనిస్ క్లాస్, ఆయన సహ పరిశోధకులు ఆ అభిప్రాయాన్ని కాదని, బంధాన్ని మరో రూపంలో కొనసాగించడం సహజమేనని వాదించారు. ఏటా తద్దినం పెట్టే సమాజానికి ఇది వింత కాదు. ఆ రూపం ఏదన్నదే అసలు ప్రశ్న. చుట్టాలకు పెట్టింది చుట్టాల నుంచే తిరిగొస్తుంది కనుక అక్కడ ఖాతా మూసుకుపోతుంది. దారినపోయేవాడికి పోసిన నీళ్ళు తిరిగి రావు. ఆ ఖాతా తెరిచే ఉంటుంది. మళ్ళీ ఏడు మళ్ళీ పొయ్యాలనిపించేది అందుకే.

కర్మకాండలోనే పరాయివారికి చోటుంది. తర్పణం విడిచేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో మొదలై తల్లి వైపువారు, అత్తమామలు, గురువు, స్నేహితులు వరసగా వస్తారు. మహాలయ పక్షంలో ఆ వరస ఇంకా పొడుగు. చివర్లో ఒక శ్లోకం చదువుతారు. తల్లి లేనివారు, తండ్రి లేనివారు, బంధువంటూ గోత్రికుడంటూ ఎవరూ లేనివారు, వారంతా ఈ దర్భనీటితో తృప్తి పొందాలని దాని భావం. తన తండ్రి కోసం కూర్చున్న మనిషి, పేరు కూడా తెలియని దిక్కులేనివాళ్ళకు దోసెడు నీళ్ళు వదిలి గానీ లేవడు. గయకు వెళ్ళినవారు బంధువులతో ఆపకుండా ఇంట్లో పనిచేసినవారికీ, పెంచిన పశువులకూ పిండాలు పెట్టి రావడం తెలిసిందే. చాలామంది బ్రహ్మగారు చెప్పింది చెప్పినట్టు అనేసి లేస్తారు గానీ, ఆ శ్లోకం అర్థం అడిగి తెలుసుకోవాల్సిందే. తనవారి మీద ప్రేమ తనవారి దగ్గరే ఆగిపోతే సరిపోదని పూర్వులు ఎంత తేటగా అనుకున్నారో అందులో కనిపిస్తుంది.

నీళ్ళతో మొదలైన ఈ ఆలోచన నీళ్ళతోనే వీధిలోకి వచ్చింది. వైశాఖంలో నీళ్ళకుండ దానం పితృదేవతల పేరునే ఇస్తారు. ఒడియా ఇళ్ళల్లో ఏప్రిల్ 14 ప్రాంతంలో వచ్చే పణా సంక్రాంతి నాడు తులసి మొక్క మీద చిల్లుకుండ వేలాడదీసి చుక్క చుక్కగా నీళ్ళు పడేలా చేస్తారు. మారేడు పండు గుజ్జుతో పణా అనే పానకం కలిపి దారినపోయేవారికి పోస్తారు. జలఛత్రాలు తెరిచేదీ అప్పుడే. తెలుగువారి చలివేంద్రాలు కాస్త ముందుగా, ఉగాదికో శ్రీరామనవమికో మొదలవుతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న బరంపురంలో ఈ రెండు అలవాట్లూ పక్కపక్కనే పెరిగాయి. ఎండన పడి వచ్చినవాడికి ఏ ఇంటివారు పోశారన్న తేడా తెలియదు. మహారాష్ట్ర వైపు బల్లార్షా, సిరొంచలలో దీన్నే పాణ్‌పోయి అంటారు. అక్కడా బోర్డు మీద ఫలానావారి స్మరణార్థం అని రాసి ఉంటుంది. మే నెలలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాని చంద్రపూర్ ప్రాంతంలో ఆ కుండ పుణ్యకార్యం అనేకంటే ప్రాణావసరం అనడం సబబు.

చలివేంద్రం పెట్టడం తేలికనుకుంటారు గానీ అందులో పనితనం ఉంది. కింద ఇసుక పరిచి తడపాలి. దాని మీద కుండలు కుదురుగా కూర్చోవాలి. చుట్టూ గోనెపట్టా కట్టి అది ఆరకుండా చూడాలి. కుండ గోడలోంచి సన్నగా ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీటి వేడిని లాగేస్తుంది, అదే చల్లదనం. బరంపురం సముద్రానికి దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. ఆవిరి తక్కువగా పోతుంది కాబట్టి, పొడిగాలి వీచే రాయగడ వైపు కుండ చల్లబడ్డంతగా ఇక్కడ చల్లబడదు. అందుకే నీడతో పాటు గాలివాటం కూడా చూసి చోటు ఎంచాలి. నీళ్ళలోని ఉప్పూ మడ్డీ పేరుకుంటే మట్టిలోని సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. నిరుటి కుండ ఈ ఏడాది అంత చల్లగా ఉండకపోవడానికి కారణం అదే. కొత్త కుండలు కొనడం ఆడంబరం కాదు. పొడుగు కాడ గరిటె కూడా అలంకారానికి పెట్టింది కాదు. చేతులు కుండలో పడకుండా, గ్లాసు అందరి నోళ్ళూ తాకకుండా, దోసిట్లోకి పైనుంచి పొయ్యడానికి పెట్టింది. పొద్దున నింపిన కుండ మధ్యాహ్నం 12 దాటేసరికి అడుగంటుతుంది, దాహం ఎక్కువగా ఉండేదీ అప్పుడే. రెండోసారి ఎవరు నింపుతారన్నది మొదటిరోజే తేల్చుకోని చలివేంద్రం రెండో వారానికి ఎండిపోతుంది. పూలదండ వేసిన ఫొటో మాత్రం పందిట్లో ఉంటుంది.

ఆ ఫొటో గురించి, బోర్డు గురించి ఒక మాట. పేరు రాసుకోవడం అహంకారమని, గుప్తదానమే గొప్పదని అనేవారున్నారు. అది పూర్తిగా ఒప్పుకోదగ్గ మాట కాదు. తల్లి పేరు నలుగురి నోట పడాలని కోరుకోవడంలో తప్పేముంది? నీళ్ళు తాగుతూ ఆ పేరు కూడబలుక్కుని చదివే బడిపిల్లాడు కూడా ఆమెను తలుచుకున్నట్టే. పైగా పేరుండడం వల్ల ఒక బాధ్యత మీద పడుతుంది. కుండ ఖాళీగా ఉంటే మాట పడేది ఆ పేరే. దోషం పేరులో లేదు. పని ఆగిపోయాక కూడా పేరు మాత్రం మిగలడంలో ఉంది. చలువరాతి ఫలకం కింద నీళ్ళు రాని కుళాయిలు, పేరు రాసిన రెక్కలతో తిరగని ఫ్యాన్లు చాలా ఊళ్ళల్లో కనిపిస్తాయి. కట్టించిన కుటుంబం ఊరు విడిచి ఉండొచ్చు, మరమ్మతు తమ పని కాదని అనుకుని ఉండొచ్చు. ఏదైనా, పోయినవారి పేరును అలా ఎండబెట్టడం కంటే పేరు లేకుండా ఇవ్వడమే మర్యాద.

నిలబడే దానం ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దూరం వెళ్ళనక్కర్లేదు. ఒడియావారు దీపావళి సాయంత్రం కాడలు వెలిగించి పెద్దలను పిలుస్తారు, చీకట్లో రండి, వెలుగులో వెళ్ళండని. తెలుగిళ్ళల్లో అదే సాయంత్రం పిల్లలు గోగుకాడలకు గుడ్డవత్తులు కట్టి దివిటీలు కొడతారు. పోయినవారు దారిలో ఉన్నారని, వారికి వెలుగు కావాలని రెండు వైపులా ఉన్న నమ్మకం. ఆ నమ్మకమే గుళ్ళల్లో అఖండదీపాల దానమైంది. పర్లాకిమిడికి దగ్గర్లో, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగంలోనూ, సముద్రం వైపు శ్రీకూర్మంలోనూ తూర్పు గాంగ రాజుల కాలం నాటి శాసనాల్లో ఇలాంటి దానాలు ఎన్నో ఉన్నాయి. తల్లిదండ్రులకు పుణ్యంగా ఇస్తున్నామని చెప్పడం తెలుగు శాసనాల్లో తరచుగా వచ్చే మాట. దీపం కింద కూచుని వెలుగు వాడుకునేది మాత్రం గుడికొచ్చిన ఎవరైనా.

ఆ దానాల ఏర్పాటులో ఉన్న తెలివి గమనించదగ్గది. దీపానికని ఆవులనో గొర్రెలనో ఇచ్చి ఒక కాపరికి అప్పగించేవారు. మందను మేపుకుని, రోజుకింత అని కొలిచి గుడికి నెయ్యి పొయ్యడం అతని బాధ్యత. ముసలివి పోతాయి, పిల్లలు పుడతాయి, మంద అలాగే ఉంటుంది. నెయ్యి ధర ఎంత పెరిగినా దీపానికి లోటు రాదు, ఇచ్చింది డబ్బు కాదు కదా. ఎవరు పొయ్యాలో రాతి మీదే ఉంది. ఇప్పటి శాశ్వత అన్నదాన నిధులతో పోలిస్తే ఆ తేడా తెలుస్తుంది. 1990ల మొదట్లో బ్యాంకు వడ్డీ 10 శాతం పైన ఉండేది. అప్పుడు ఎవరైనా 1,000 రూపాయలు డిపాజిట్ చేసి, ఏటా అమ్మ తిథి నాడు ఆ వడ్డీతో అన్నం పెట్టమని రాసి ఉంటే 100 రూపాయలు వచ్చేవి. ఆ రోజుల్లో ఓ చిన్న పంక్తి లేచేది. వడ్డీ 6.5 శాతానికి దిగితే అదే డిపాజిట్ మీద వచ్చేది 65 రూపాయలు. ఈ మధ్యలో బియ్యం, పప్పు, నూనె ధరలు ఎక్కడికి వెళ్ళాయో ఇల్లు నడిపే ప్రతి ఒక్కరికీ తెలుసు. శాశ్వతమన్న మాట రాతి మీదే ఉంది, విస్తట్లో లేదు. కొడుకులూ కూతుళ్ళూ ఐదేళ్ళకోసారైనా ఆ మొత్తాన్ని పెంచుతూ ఉంటే తప్ప అది నడవదు. అలా పెంచడానికి వెళ్ళినప్పుడల్లా తల్లిని మళ్ళీ తలుచుకుంటారు, అది వేరే సంగతి.

ఇక అన్నం. వర్ధంతికి, పుట్టినరోజుకి అనాథాశ్రమంలోనో వృద్ధాశ్రమంలోనో భోజనం పెట్టడం ఇప్పుడు బాగా అలవాటైంది. ఆదివారాలు, పండగలు ఒకరి మీద ఒకరు వచ్చి పడతారు. పిల్లలకు ఒకే పూట రెండు రకాల స్వీట్లు వస్తాయి. మంగళవారం రాత్రి ఎవరూ రారు. ఈ అలవాటును తప్పుపట్టడం కాదు గానీ, తిథి ఇచ్చేవారి సౌకర్యం, ఆకలి తీసుకునేవారిది. వారం ముందు ఆశ్రమానికి ఫోన్ చేసి మీకు ఏ రోజు లోటుగా ఉంది, ఏ సరుకు తక్కువగా ఉంది అని అడిగితే చాలా మారుతుంది. లడ్డూల బదులు రెండు బస్తాల బియ్యమో, ఆడపిల్లలకు శానిటరీ ప్యాడ్లో, ముసలివాళ్ళకు పెద్దవాళ్ళ డైపర్లో కావాలని చెప్పొచ్చు. ఫొటోకు అవి బాగుండవు. పోయిన మనిషికి మర్యాద అడిగి ఇవ్వడంలోనే ఎక్కువ.

అసలు కష్టం తెలిసేది ఆసుపత్రుల దగ్గర. బరంపురంలోని మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల 1962లో మొదలైంది. పర్లాకిమిడి రాజు, బ్రిటిష్ పాలనలోని ఒడిశా ప్రాంతానికి 1937లో తొలి ప్రధానమంత్రి అయిన కృష్ణచంద్ర గజపతి పేరు దానికి పెట్టారు. గంజాం, గజపతి, రాయగడ, కంధమాల్ జిల్లాల నుంచి పెద్ద జబ్బు అంటే ఇక్కడికే పంపుతారు. సరిహద్దు అవతల ఆంధ్రలోని ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి కూడా వస్తారు. అలాగే రాయగడ, కొరాపుట్ వైపువారు విశాఖపట్నం కింగ్ జార్జి ఆసుపత్రికి పోతారు. రోగికి మంచం దొరుకుతుంది, ఆసుపత్రి భోజనం వస్తుంది. వెంట వచ్చినవారికి ఏదీ లేదు. భర్తకు కాలు విరిగిందని వచ్చిన ఆడమనిషి వరండాలో గుడ్డ పరుచుకుని వారాలు గడుపుతుంది. చేతిలో ఉన్న డబ్బు స్కానింగులకూ ఆటోలకూ పోతుంది, మిగిలితే తింటుంది. ఒడిశా ప్రభుత్వం 2015 ఏప్రిల్ 1న ఆహార్ పథకం మొదలుపెట్టి 5 రూపాయలకు అన్నం, కూరగాయలు వేసి వండిన డాల్మా పప్పు ఇవ్వడం ఇలాంటివారికి పెద్ద ఊరట.  అది అందని పూటల సంగతి దాతలదే. తమవారి పేరున అన్నం పెట్టాలనుకునేవారు గుళ్ళో పెట్టే ఒక పెద్ద భోజనాన్ని విడదీసి, ఆసుపత్రి దగ్గర కొన్ని పూటల సాదా అన్నం పప్పుగా మార్చితే అది చేరాల్సిన చోటికి చేరుతుంది. ముందుగా ఆసుపత్రివారి అనుమతి తీసుకోవాలి. వండినది వేడిగా ఉండగానే పంచాలి. ఎండాకాలంలో పులిహోర సైతం గంటల్లో పాడవుతుంది.

డబ్బు అక్కర్లేని దానం ఒకటి ఈ సరిహద్దు ఊళ్ళకే ప్రత్యేకం. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం నుంచి వచ్చిన తెలుగు రైతుకు బరంపురం ఆసుపత్రిలో ఒడియా బోర్డులు చదవడం రాదు. గుణుపురం దాటి కొండల్లోంచి వచ్చిన సవర తెగ ముసలాయనకు తెలుగూ సరిగా రాదు, ఒడియా కూడా అంతంతే. చీటీ ఎక్కడ రాయించాలి, రక్తపరీక్షకు ఏ కిటికీ దగ్గర నిలబడాలి, ఫలితం ఎన్ని గంటలకు ఇస్తారు, డాక్టరుగారు చెప్పిన మాత్ర తిన్నాక వేసుకోవాలా తినకముందా? ఇవి తెలియక ఒక పూట పని రెండు రోజులు పడుతుంది. ఒక్కోసారి మందు తప్పుగా పడుతుంది. బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువారికి ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, రెండూ నోటికి వచ్చినవే. తండ్రి తిథి నాడు పొద్దున కర్మ ముగించుకుని, మధ్యాహ్నం ఓపీ దగ్గర రెండు గంటలు నిలబడి, అయోమయంగా చూస్తున్న నలుగురికి దారి చూపితే ఆ తండ్రికి అంతకంటే ఏం కావాలి? ఆయన బతికుండగా ఎవరికో ఉత్తరం చదివి పెట్టినవాడో, రైల్వే స్టేషన్లో దారి తప్పినవారిని బండి ఎక్కించినవాడో అయి ఉంటే ఇది మరీ సరిగ్గా ఆయన పని. పోయినవారి స్వభావాన్ని దానంలోకి తేవడం అంటే ఇదే. వడ్డించడం ఇష్టమైన తల్లి పేరున వడ్డన, పిల్లలకు లెక్కలు చెప్పిన మేనమామ పేరున పేద పిల్లాడికి ట్యూషన్ ఫీజు. దేనికది మనిషిని బట్టి ఉండాలి.

రక్తదానం మీద ఇంకాస్త ఆగాలి, తెలియనివారికి ఇవ్వడం అన్నది అక్కడ చట్టంలాగే అమలవుతుంది. సంచి మీద నంబరు, గ్రూపు ఉంటాయి. ఇచ్చినవారి పేరు తీసుకునేవారికి తెలియదు. ఒక్క సంచిని ఎర్రకణాలు, ప్లాస్మా, ప్లేట్‌లెట్లుగా విడదీస్తే ముగ్గురికి అందుతుంది. 1970లో బ్రిటన్‌కు చెందిన సామాజిక పరిశోధకుడు రిచర్డ్ టిట్మస్, డబ్బిచ్చి రక్తం కొనే అమెరికా పద్ధతిని, ఉచితంగా ఇచ్చే బ్రిటన్ పద్ధతితో పోల్చి చూశారు. కొన్న రక్తంలో హెపటైటిస్ ముప్పు ఎక్కువని తేల్చారు. డబ్బు అవసరమైనవాడు జబ్బు దాస్తాడు, ఊరికే ఇచ్చేవాడికి దాచాల్సిన పని లేదు. మన దేశంలో సుప్రీంకోర్టు 1996 తీర్పు తర్వాత, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్ముకోవడం నిషిద్ధమైంది. అప్పటి నుంచి ఈ వ్యవస్థ అంతా మనుషుల మంచితనం మీదే నడుస్తోంది.

18 నుంచి 65 ఏళ్ళ మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవారు 90 రోజులకోసారి, ఆడవారు 120 రోజులకోసారి. ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు నిలవుంటాయి, ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఈ అంకెల వల్లే తిథి సంగతి మళ్ళీ ఆలోచించాలి. నాయకుల జయంతులకు పెద్ద పెద్ద శిబిరాలు పెట్టి ఒకేరోజు వందల సంచులు సేకరిస్తే, కొన్ని వారాల్లో వాటి గడువు తీరుతుంది. మే నెలలో కాలేజీలకు సెలవులు, శిబిరాలు ఉండవు, రక్తనిధిలో అరలు ఖాళీ. వానలయ్యాక డెంగీ వచ్చినప్పుడు ప్లేట్‌లెట్లకు పరుగులు. ఒడిశా దక్షిణ జిల్లాల్లో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుతో బాధపడే పిల్లలున్నారు. దాని నిర్మూలనకు కేంద్రం 2023 జులై 1న ఒక జాతీయ కార్యక్రమమే మొదలుపెట్టింది. వారిలో కొందరికి, హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తలసీమియా జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు మళ్ళీ మళ్ళీ రక్తం ఎక్కించాలి. అలాంటి తలసీమియా ఉన్న పిల్లకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి. ఆ పిల్ల అవసరానికి మాఘ బహుళ ఏకాదశి అని తెలియదు. అందుకని తిథి నాడు పిండం పెట్టి, రక్తం ఇచ్చే రోజును మాత్రం రక్తనిధివారిని అడిగి పెట్టుకోవడం మంచిది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు నలుగురుంటే ఒకేసారి వెళ్ళి ఫొటో దిగేకంటే మూడు నెలలకొకరు వంతున వెళితే ఆ తండ్రి పేరు మీద ఏడాది పొడుగునా ఎవరికో ఒకరికి అందుతుంది.

అన్నిటికంటే కష్టమైనది కళ్ళు ఇవ్వడం. మిగతావి దుఃఖం కాస్త సర్దుకున్నాక చేసేవి, ఇది ఏడుపుల మధ్యే తేల్చాల్సింది. మరణించాక 6 గంటల్లోపు కార్నియా, అంటే కంటి ముందుభాగంలోని పారదర్శకమైన పొర, తీయాలి. గజపతి జిల్లా కొండ ఊళ్ళ నుంచి పట్నం దూరం చూస్తే మొదటి అరగంటలోనే కళ్ళు సేకరించే ఐ బ్యాంకుకు ఫోన్ వెళ్ళాలి. ఈలోపు రెప్పలు మూసి వాటి మీద తడి దూది పెట్టాలి. ఫ్యాను ఆపెయ్యాలి. తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తులో ఉంచాలి. వచ్చినవారి పని 15, 20 నిమిషాల్లో అయిపోతుంది. ముఖం వికారంగా మారదు, అంత్యక్రియలు ఆలస్యం కావు. ముసలివారివి పనికిరావనుకుంటారు గానీ వయసు అడ్డు కాదు. కళ్ళజోడు పెట్టుకున్నా, షుగరున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా ఇవ్వొచ్చు. హెచ్‌ఐవీ, హెపటైటిస్, రేబిస్ లాంటి కొన్ని జబ్బులతో పోయినవారివి తీసుకోరు. సాధారణంగా ఇద్దరికి చూపు వస్తుంది. ఎవరికి అమర్చారో కుటుంబానికి చెప్పరు.

ఇక్కడే కొన్ని కుటుంబాలు వెనక్కి తగ్గుతాయి. కళ్ళు లేకుండా పంపితే పై లోకంలో దారెలా కనిపిస్తుందని పెద్దవారు నిజంగా బాధపడతారు. ఆ బాధను మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడం మొరటుతనం. దీపావళి దివిటీలు కొట్టేదీ, గుళ్ళో అఖండదీపం పెట్టించేదీ ఆ దారి గురించిన దిగులుతోనే కదా. అదే ఇంట్లో తర్పణం విడిచేవారికి, దిక్కులేనివారికీ నీళ్ళు వదలమన్న శ్లోకం ఉందని గుర్తుచేస్తే మాట తేలిగ్గా సాగుతుంది. చూపు లేనివారికి చూపివ్వడం ఆ శ్లోకానికి దూరమైన పనేమీ కాదు. బ్రహ్మగారితోనే ఆ మాట చెప్పించగలిగితే ఇంకా మంచిది, చాలామంది కాదనరు.

1994 అవయవదాన చట్టం ప్రకారం పోయినవారు ముందుగా కార్డు రాయకపోయినా, వద్దని చెప్పి ఉండకపోతే దగ్గరి బంధువులు ఒప్పుకుని ఇవ్వొచ్చు. సంతకం పెద్దకొడుకే పెట్టాలన్న నియమం లేదు. భార్య పెట్టొచ్చు, కూతురు పెట్టొచ్చు, అన్నదమ్ములూ పెట్టొచ్చు. ఈ జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. గంజాం నుంచి ఎంతోమంది మగపిల్లలు సూరత్ మగ్గాలకు వలస వెళ్ళి ఉంటారు. కబురు అందాక రైలెక్కినా రావడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. అందుకే తాతగారో అమ్మమ్మగారో కులాసాగా ఉన్న రోజునే, పండక్కి అందరూ ఇంట్లో ఉండగా, తమ కళ్ళ సంగతి తమ నోటితో చెప్పి, ఐ బ్యాంకు నంబరు గోడ క్యాలెండర్ మీద రాయించాలి. కొడుకు వచ్చేదాకా ఆగుదామని ఎవరైనా అన్నప్పుడు, ఆయన ముందే చెప్పారని కోడలు ఫోన్ తియ్యగలుగుతుంది.